చుక్కకు పేరు - పేరుకు చుక్క

తెలుగువారి పెండ్లిలో ఒక ఘట్టము కలదు. మంగళసూత్రధారణము, సప్తపది ముగిసిన పిదప పురోహితుడు వధూవరులను పందిరి వెలుపలికి తోడ్కొనివచ్చి, ఆకాశము వంక వ్రేలు చూపి, “అదిగో అరుంధతి, నమస్కరింపుడు” అనును. వరుడు తల యూపును. వధువు చేతులు జోడించును. ఒక్కొకప్పుడు అది మిట్టమధ్యాహ్నము. ఒక్కొకప్పుడు ఆకాశమంతయు మబ్బు పట్టియుండును. రాత్రివేళ యైనను ఆ వ్రేలు ఏ దిక్కునకు తిరిగినదో పట్టించుకొనువారు అరుదు. పేరు పలుకబడినది, చుక్క మాత్రము కనబడలేదు.

నక్షత్రములకు పేర్లు పెట్టుటలో గల చిక్కు యంతయు ఈ చిన్న ఘట్టములోనే యిమిడియున్నది. ఒక చుక్కకు పేరు పెట్టుట సులభము. ఆ పేరు విన్నవాడు, వేయి ఆమడల దూరమున నున్నను, వేయి యేండ్ల తరువాత పుట్టినను, ఆ చుక్కనే మరల కనుగొనునట్లు చేయుట కష్టము. ఆ కష్టమును తొలగించుకొనుటకు మానవుడు అనేక విధముల ప్రయత్నించెను. అరుంధతికి నేడు ఒకటికి మూడు గుర్తులుండుటకు కారణమదియే.

సప్తర్షి మండలమున తోక చివరినుండి రెండవ చుక్క వసిష్ఠుడు. ఆయన ప్రక్కన మినుకుమినుకుమను చిన్న చుక్క అరుంధతి. పాశ్చాత్యులు అరబ్బీ భాషనుండి గ్రహించిన పేర్లతో వసిష్ఠుని మిజార్ అనియు, అరుంధతిని అల్కార్ అనియు పిలుతురు. జ్యోతిశ్శాస్త్రజ్ఞుల పట్టికలలో వసిష్ఠుడు ‘జీటా ఉర్సే మేజోరిస్’, అరుంధతి ‘80 ఉర్సే మేజోరిస్’. మొదటిది మన పురాణము, రెండవది అరబ్బుల వాడుక, మూడవది విలాసము వంటిది.

ప్రాచీనులు నామకరణము చేసిన చుక్కలు బహు కొలది. క్రీస్తు శకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో నుండిన టాలెమీ తన గ్రంథమున 48 తారామండలములను, వేయికి పైబడిన చుక్కలను వర్ణించెను. వానిలో అధికభాగమునకు పేర్లు లేవు. వృషభము కంటిలోని చుక్క, చేప నోటిలోని చుక్క అని బొమ్మలోని స్థానమును బట్టియే వానిని గుర్తించెను. అరబ్బు పండితులు ఆ గ్రంథమును తమ భాషలోనికి తెచ్చుకొనిరి. 964 ప్రాంతమున అల్ సూఫీ స్థిరనక్షత్రములను గూర్చి సచిత్ర గ్రంథము రచించెను. అరబ్బీనుండి లాటినుకు అనువాదములు జరిగినప్పుడు వర్ణనలే పేర్లుగా మారినవి. డెనెబ్ అనగా తోక. రైజెల్ అనగా పాదము. ఫోమల్‌హౌట్ అనగా చేప నోరు.

ఒకే చుక్కను రెండు జాతులు చూచినప్పుడు రెండు విధములైన ఊహలు పుట్టుట వింత. మన పూర్వులు వృషభములోని ఎఱ్ఱని చుక్కను దాని రంగును బట్టి రోహిణి యనిరి. అరబ్బులు అది కృత్తికల వెంట నడచుటను గమనించి ‘అల్దెబరాన్’, అనగా వెంబడించునది, అనిరి. తెలుగు పల్లెలలో పిల్లలకోడి యనబడు కృత్తికల వెనుక రోహిణి ఉదయించుటను చూచినవారికి ఈ రెండు పేర్లును సార్థకములుగనే తోచును.

ఐనను నోటినుండి నోటికి, లిపినుండి లిపికి సాగు పేరు దారిలో చెడుచుండును. ఆర్ద్రగా పలువురు గుర్తించు చుక్కకు అరబ్బులు పెట్టిన పేరు ‘యద్ అల్ జౌజా’, అనగా జౌజా యొక్క చేయి. అరబ్బీలో యకారమునకు క్రింద రెండు చుక్కలు, బకారమునకు ఒక్క చుక్క. మధ్యయుగమున ఎవడో యకారమును బకారముగ చదివెను. నేటికిని లోకమంతయు ఆ తప్పునే పట్టుకొని ‘బెటెల్‌గూస్’ అనుచున్నది. సిరాచుక్క ఒకటి జారిపోయినందున ఆకాశములోని చుక్క పేరే మారిపోయినది!

1603లో జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున యోహాన్ బేయర్ అను న్యాయవాది ‘యురానోమెట్రియా’ అను ఆకాశపటముల గ్రంథమును ప్రకటించెను. ప్రతి మండలములోని చుక్కలకు ఆయన గ్రీకు అక్షరములను తగిలించి, వాని వెనుక మండలము పేరును షష్ఠీ విభక్తిలో చేర్చుటకు దారి చూపెను. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనుక. చుక్కలకు పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు వెనుక. ‘ఆల్ఫా టారీ’ యనగా వృషభము వారి ఆల్ఫా. అది మన రోహిణి. ‘ఆల్ఫా వర్జినిస్’ అనగా కన్య వారి ఆల్ఫా. అది మన చిత్ర.

బేయరు సాధారణముగ ప్రకాశము ననుసరించి అక్షరములను పంచెను. కాని ప్రకాశమును కచ్చితముగ కొలుచు సాధనము ఆయనకు లేదు. ఒరయన్ మండలమున ఆర్ద్ర ఆల్ఫా, రైజెల్ బీటా. ఐనను సాధారణముగ రైజెలే ఎక్కువగ వెలుగుచుండును. సప్తర్షుల విషయమున ఆయన ప్రకాశమును విడిచి వరుసను పాటించుటచే క్రతువు ఆల్ఫాగను, చివరనున్న మరీచి ఈటాగను నిలిచిరి. పైగా గ్రీకు అక్షరములు 24 మాత్రమే. దూరదర్శిని వచ్చి చుక్కల సంఖ్యను పెంచగా అవి చాలకపోయినవి.

అక్షరములకు పిదప అంకెలు వచ్చినవి. సముద్రమున నావికులు తామున్న రేఖాంశమును తెలిసికొనవలెనన్నచో చుక్కల స్థానములు కచ్చితముగ తెలియవలెను. అందుకొరకు 1675లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ గ్రీనిచ్‌లో నక్షత్రశాలను నెలకొల్పి జాన్ ఫ్లామ్‌స్టీడును నియమించెను. ఆయన రాత్రింబవళ్ళు శ్రమించెను గాని, సంపూర్ణము కానిదే తన పట్టికను ప్రకటింప నిష్టపడలేదు. న్యూటను ఆగలేకపోయెను. 1712లో హేలీ సంపాదకత్వమున ఆ పట్టిక ఫ్లామ్‌స్టీడు అనుమతి లేకయే వెలువడినది. అందులో ఒక్కొక్క మండలములోని చుక్కలకు పడమరనుండి తూర్పునకు వరుస సంఖ్యలు కలవు. ఫ్లామ్‌స్టీడు కోపించి, అచ్చయిన 400 ప్రతులలో దాదాపు 300 సంపాదించి 1716లో తగులబెట్టెను. 1719లో ఆయన మరణించెను. 1725లో ఆయన భార్య, సహాయకులు వెలువరించిన ప్రామాణిక గ్రంథమున ఆ సంఖ్యలు లేవు. 1783లో లలాండ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మరల సంఖ్యలను చేర్చెను. తాను తగులబెట్టిన ప్రతులలో మొదలైన పద్ధతియే నేడు ఫ్లామ్‌స్టీడు పేర నిలిచియుండుట విధివిలాసము. అరుంధతికి గల 80 అను సంఖ్య ఈ పద్ధతిలోనిదే.

ఈ సంఖ్యలలోను వింతలు లేకపోలేదు. 1930లో మండలముల సరిహద్దులను కచ్చితముగ గీచిన తరువాత చూచినచో ‘10 ఉర్సే మేజోరిస్’ అను చుక్క పొరుగుననున్న లింక్స్ మండలములో నున్నది. ఇల్లరికము పోయిన అల్లుని వలె అది యొక యింట నివసించుచు మరియొక యింటిపేరు మోయుచున్నది. ‘34 టారీ’ అను సంఖ్యకు అసలు చుక్కయే లేదు. 1690లో ఫ్లామ్‌స్టీడు చూచి నక్షత్రమని వ్రాసికొనినది యురేనస్ గ్రహము. దానిని గ్రహముగ గుర్తించుటకు 1781లో హెర్షెల్ రావలసివచ్చెను. ఫ్లామ్‌స్టీడు దాని స్థానమును వ్రాసియుంచుటచేతనే ఆ పొరపాటు తరువాతివారికి పట్టుబడినది.

సంఖ్యకు కవిత్వము లేదని చులకన చేయరాదు. హంసమండలములో కంటికి కష్టముగ కనబడు ‘61 సిగ్ని’ అను చుక్కకు ఏ జాతియు పేరు పెట్టలేదు. 1838లో బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దాని దూరమును కొలిచెను. ఒక నక్షత్రము దూరమును మానవుడు నమ్మకముగ కొలిచి ప్రకటించుట అదే ప్రథమము. అది సుమారు 11 కాంతిసంవత్సరములు. పేరులేని చుక్కయే విశ్వము ఎంత విశాలమో మొదట చెప్పినది.

పిదప పట్టికలు పెరిగినవి. 1859 మొదలుకొని ఆర్గెలాండర్ ప్రకటించిన బాన్ పట్టికలో 3 లక్షల 24 వేలకు పైగా చుక్కలు కలవు. ప్రకాశము మారుచుండు తారలకు, బేయరు పద్ధతిలో వాడని అక్షరములుండుటచే ఆర్ మొదలు జెడ్ వరకు గుర్తులిచ్చుట ఆయన ఏర్పరచిన పద్ధతియే. 1867లో మద్రాసు నక్షత్రశాల సహాయకుడు చింతామణి రఘునాథాచారి దక్షిణాకాశమున ప్రకాశము మారు తార నొకదానిని కనుగొనెను. దాని గుర్తు ‘ఆర్ రెటిక్యులీ’. హార్వర్డులో ఆనీ జంప్ కానన్ వర్ణపటములను పరిశీలించి వర్గీకరింపగా 1918-24 మధ్య వెలువడిన హెన్రీ డ్రేపర్ పట్టికలో 2,25,300 చుక్కలు చేరినవి.

ఈ మహాకార్యమున హైదరాబాదునకు భాగము కలదు. 1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగ తీయ నిశ్చయించి నక్షత్రశాలలకు పంచిరి. చిలీ దేశపు సాంటియాగోకు తొలుత కేటాయించిన దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల భాగము తరువాత బేగంపేటలోని నిజామియా నక్షత్రశాలకు వచ్చినది. పోకాక్, ఆయన తరువాత టి. పి. భాస్కరన్ ఆధ్వర్యమున అచ్చటివారు పలకపై పలకను కొలిచి సంపుటములను ప్రకటించిరి. ఆ చుక్కలలో దాదాపు అన్నింటికిని సంఖ్యయే తప్ప పేరు లేదు. 2013లో ఐరోపా వారు ప్రయోగించిన గాయా నౌక పరిశీలనలతో 2022లో వెలువడిన పట్టికలో 180 కోట్లకు పైగా జ్యోతులు కలవు.

అంకెలు, అక్షరములు మరియొక మేలు చేసినవి. పదునేడవ శతాబ్దమున దూరదర్శినితో చూచినప్పుడు వసిష్ఠుడు రెండు చుక్కలుగ విడివడెను. 1889లో పికరింగ్ వర్ణపటమును బట్టి ఆ రెంటిలో ఒకటి మరల జంట యని తేల్చెను. రెండవదియు జంటయేనని తరువాత తెలిసినది. 2009లో అరుంధతికి కూడ ఒక తోడుచుక్క కనబడినది. రెండు పేర్ల వెనుక ఆరు నక్షత్రములున్నవి! ఏ, బీ యను చిన్న అక్షరములను చేర్చుకొనుచు పోవు పద్ధతి యుండుటచేతనే వానిని వేరువేరుగ పేర్కొనగలుగుచున్నాము.

ఇక మన నక్షత్రముల సంగతి. పదునొకండవ శతాబ్దమున భారతదేశమును గూర్చి గ్రంథము రచించిన అల్ బెరూనీ, చంద్రుని నక్షత్రములలోని చుక్కలను కంటితో గుర్తించి వ్రేలితో చూపగల పండితుడు తనకొక్కడును తారసపడలేదని వ్రాసెను. మన గ్రంథములలో లోపము లేదు. సూర్యసిద్ధాంతము ఒక్కొక్క నక్షత్రమునకు యోగతారను ఎన్నుకొని దాని స్థానమును అంశలలో చెప్పియున్నది. గ్రంథము నిలిచినది; చూపు వ్రేలు నిలువలేదు.

దాని ఫలితము పంచాంగమునకే తగిలినది. రేవతి యోగతారగా పలువురు చెప్పు ‘జీటా పిసియమ్’ కంటికి ఆనుట కష్టమైన మసక చుక్క. దానిని మొదలుగ గొని రాశిచక్రమును లెక్కించువారు కొందరు; ప్రకాశవంతమైన చిత్ర సరిగా 180 అంశలలో నుండునట్లు లెక్కించువారు మరికొందరు. ఈ రెండు లెక్కలకు సుమారు 4 అంశల తేడా. అనగా సంక్రమణము దాదాపు నాలుగు దినములు అటునిటు జరుగును. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము చిత్ర ననుసరించిన లెక్కనే గైకొని 1955లో నివేదిక సమర్పించెను. ఒక చుక్క గుర్తు సందేహమున పడినందున శాస్త్రజ్ఞుల సంఘమే కూర్చుండవలసివచ్చెను.

1919లో స్థాపింపబడిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2016లో నక్షత్రముల పేర్లను స్థిరపరచుటకు ప్రత్యేకవర్గము నొకదానిని ఏర్పరచినది. ఒక్కొక్క పేరును ఒక్కొక్క చుక్కకు కట్టివేయుట దాని పని. మేష మండలములోని 41వ చుక్కకు ‘భరణి’ యనియు, జీటా పిసియమునకు ‘రేవతి’ యనియు అది మన పేర్లనే ఖాయపరచెను. 2019లో ‘హెచ్‌డి 86081’ అను తారకు భౌతికశాస్త్రజ్ఞురాలు బిభా చౌధురి స్మారకముగ ‘బిభా’ యని నామకరణము జరిగెను. సొమ్ము పుచ్చుకొని చుక్కలకు కోరిన పేరు పెట్టుదుమని ధ్రువపత్రములిచ్చు వ్యాపారములు కూడ లోకమున కలవు. ఆ పేర్లను సమాఖ్య గుర్తింపదు.

ఐనను సమాఖ్య చేయగలిగినది కాగితముపై కట్టిన ముడి మాత్రమే. రెండవ ముడి కంటికిని ఆకాశమునకును నడుమ పడవలెను. దానికి నౌకలు, యంత్రములు అక్కరలేదు. చైత్ర వైశాఖములలో చీకటి పడిన పిదప సప్తర్షులు ఉత్తరపు దిక్కున ఎత్తుగ నిలిచియుందురు. అశ్విని, భరణి, కృత్తిక యని పిల్లలచే వల్లె వేయించు ఉపాధ్యాయుడు ఒక రాత్రి వారిని పాఠశాల మైదానమునకు తీసికొనిపోయి, తోక చివరినుండి రెండవ చుక్కను చూపవలెను. దాని ప్రక్కన చిన్నది కనబడుచున్నదా యని అడుగవలెను. కొందరికి వెంటనే కనబడును. కొందరు కన్నులు చికిలించి చూతురు. కనబడిన పిల్లవాడు ప్రక్కవాని చేయి పట్టుకొని తానే వ్రేలు చూపును. అల్ బెరూనీ మన దేశమున వెదకి కానలేకపోయినది ఆ వ్రేలినే.