తెల్లవారితే ఏ వారం? శుభలేఖలోనే తేల్చాలి

పెళ్లి ముహూర్తం రాత్రి 2 గంటల 18 నిమిషాలకు. శుభలేఖలో ‘శనివారం తెల్లవారుజామున’ అని అచ్చు వేయించారనుకోండి. దివిసీమ నుంచి రావలసిన చుట్టాలు శనివారం సాయంత్రం బస్సు దిగేసరికి పందిరి విప్పుతూ ఉంటారు. పెళ్లి శుక్రవారం రాత్రే అయిపోయింది మరి!

ఈ చిక్కు ఎక్కడ వస్తోంది? పంచాంగానికి సూర్యోదయం నుంచి మరునాటి సూర్యోదయం దాకా ఒకటే వారం. గడియారానికి మాత్రం రాత్రి 12 దాటితే తేదీ మారిపోతుంది. పురోహితుడు శుక్రవారం రాత్రి అన్నది క్యాలెండరులో శనివారం అవుతుంది. అందుకే పెద్దలు ‘శుక్రవారం రాత్రి గం. 2-18 ని.లకు (తెల్లవారితే శనివారం)’ అని రాయిస్తారు. కార్డు అందం చెడుతుందని ఆ మాటలు తీసేయరాదు. ‘విందు శుక్రవారం రాత్రి 7 గంటల నుంచి’ అని విడిగా మరో పంక్తి వేయిస్తే ఇక అనుమానమే ఉండదు.

అచ్చుకు ఎప్పుడు ఇవ్వాలి?

ఆషాఢం, పుష్యమాసాల్లో పెళ్లిళ్లుండవు. గురువు గాని శుక్రుడు గాని సూర్యుడికి దగ్గరై కంటికి కనబడని మూఢం రోజుల్లోనూ ఉండవు. దాంతో శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే అందరూ ఒక్కసారే ప్రెస్సుల మీద పడతారు. బొమ్మల కార్డులు శివకాశి వంటి చోట్ల తయారై వస్తే, పేర్లు, ముహూర్తం ఇక్కడి ప్రెస్సుల్లో వేస్తారు. ఒక్కొక్క అక్షరం చేత్తో పేర్చిన రోజులు పోయి ఆఫ్‌సెట్‌, స్క్రీన్‌ ప్రింటింగ్‌ వచ్చాయి. పని త్వరగా అవుతోంది గాని, తప్పులు ఇప్పటికీ దొర్లుతూనే ఉన్నాయి.

కనుక ముందు లగ్నపత్రిక, ఆ తర్వాత కల్యాణ మండపం ఖాయం కావాలి. అప్పుడే ప్రెస్సుకు వెళ్లాలి. నెల రోజుల ముందు ఇస్తే తొందర ఉండదు. ప్రూఫు ఇద్దరు చూడాలి. ఒకరు వియ్యాలవారి వైపు వారైతే మరీ మంచిది. ఇంటిపేర్లు, వరుసలు వారికే తెలుస్తాయి. ఆహ్వానించేవారిలో బాబాయి పేరు ఒకటి జారిపోతే ఆ అలక పెళ్లి పీటల దాకా వస్తుంది.

అక్షరం, పేరు, చిరునామా

ముదురు ఎరుపు మీద బంగారు అక్షరాలు చూడటానికి బాగుంటాయి. తాతయ్యలకు మాత్రం కంటికి ఆనవు. తేదీ, వేళ, మండపం ఉన్న చోటు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

వధూవరుల ముద్దుపేరు ఒక్కటే వేయించవద్దు. వివాహ రిజిస్ట్రేషనుకు శుభలేఖ కూడా అడుగుతారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే కార్డులో ఉంటే మేలు. పెళ్లయ్యాక విదేశాలకు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం.

2022 ఏప్రిల్‌ 4 నుంచి విజయవాడ ఎన్‌.టి.ఆర్‌. జిల్లాలో ఉంది. కృష్ణా జిల్లాకు మచిలీపట్నం కేంద్రం. కవరు మీద జిల్లా పేరుతోపాటు ఆరంకెల పిన్‌కోడు కూడా రాయాలి. గుడివాడకు 521301, మచిలీపట్నానికి 521001. ఒకే పేరున్న ఊళ్లు రెండు మూడు ఉన్నప్పుడు కార్డును సరైన ఊరికి చేర్చేది ఆ అంకెలే.

పిలుపు ఎలా?

నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టడం మన ఆనవాయితీ. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ పాదాల చెంత ఉంచేవారూ ఉన్నారు. కార్డులు ఎన్ని కావాలో మనుషుల్ని బట్టి కాదు, గడపల్ని బట్టి లెక్కవేయాలి. ఓ పాతిక ఎక్కువ వేయించాలి. దూరపు వారికి మూడు వారాల ముందే టపాలో వేయాలి. దగ్గరి వారింటికి పది పదిహేను రోజుల ముందు స్వయంగా వెళ్లి, బొట్టు పెట్టి పిలవాలి. ‘కార్డు వచ్చింది, మనిషి రాలేదు’ అన్న నిష్ఠూరం ఊరికే పోదు.

ఫోనులో పంపే కార్డు ఈ పిలుపుకు తోడు మాత్రమే. పంపేదేదో బొమ్మగా పంపండి. తెలియని నంబరు నుంచి పెళ్లి కార్డు పేరుతో చివర ‘ఎ.పి.కె.’ అని ఉన్న ఫైలు వస్తే తెరవకండి. అలాంటివి ఫోనులోకి చొరబడి బ్యాంకు డబ్బు కాజేస్తాయి.

పెళ్లికి రెండు రోజుల ముందు దూరపు చుట్టాలకు మరోసారి ఫోను చేయండి. తేదీ చెప్పి ఊరుకోక, ఏ వారం సాయంత్రానికి ఊళ్లో దిగాలో అది చెప్పండి.