పాట అందరిదీ... పైసలు మాత్రం కొందరివే!

పెళ్ళి బరాతులో గానీ, వినాయకుడి నిమజ్జనంలో గానీ, బతుకమ్మ ఆడే చోట గానీ ఇప్పుడు డీజే పెట్టె మోగనిదే పని జరగదు. ఆ పెట్టెలోంచి వచ్చే పాటలు చాలామటుకు మన అమ్మమ్మలు, నాయనమ్మలు నాట్లేస్తూ, ఇసుర్రాయి తిప్పుతూ పాడుకున్నవే. రాగం అదే, పల్లవి అదే. మధ్యలో నాలుగు కొత్త చరణాలు, డప్పు బదులు కంప్యూటర్ దరువు. యూట్యూబులో ఆ పాట కింద చూడండి. గాయని పేరుంటుంది, రచయిత పేరుంటుంది, కెమెరా, డాన్సు, చివరికి డ్రోన్ తిప్పిన అబ్బాయి పేరు కూడా ఉంటుంది. ఆ పల్లవి ఏ ఊళ్ళో, ఏ తల్లి నోట విన్నారో మాత్రం ఉండదు. మరీ గట్టిగా అడిగితే "జానపదం" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

జానపదం అంటే అందరిదీ అని కదా అర్థం! ఈ సంగీతం వ్యాపారం చేసేవాళ్ళ తీరు చూస్తే నాకు వేరేగా అనిపిస్తుంది. తీసుకునేటప్పుడు అది ఎవరిదీ కాదు. అమ్ముకునేటప్పుడు మాత్రం వాళ్ళదే. మామిడికాయ తొక్కు పెట్టే పద్ధతి ఏ ఒక్కరి సొత్తూ కాదు, నిజమే. కానీ మన ఇంటి జాడీలోంచి తీసుకుపోయి, సీసాకి లేబుల్ అతికించి, మళ్ళీ మనమే ఆ తొక్కు పెట్టుకుంటే "ఇది మా కంపెనీది" అని చీటీ పంపితే ఎట్లుంటుంది?

మన నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట మొగులయ్యగారి సంగతే తీసుకోండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగల సాయన్న కథ పాడే మనిషి. కిన్నెర కూడా వీణ లాంటిదే గానీ, పేదవాడి వీణ. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, వాటితోనే తయారవుతుంది. కొట్టుకు పోయి కొనుక్కునేది కాదు. 2021 సెప్టెంబర్ 2న 'భీమ్లా నాయక్' సినిమా పాట విడుదలైంది కదా, అందులో మొదట వినిపించే గొంతు ఆయనదే. పవన్ కల్యాణ్ ఆయనకు 2 లక్షలు సాయంగా ప్రకటించారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అందరం సంతోషించాం.

రెండేళ్ళు తిరిగాయో లేదో, 2024 మే నెలలో అదే మనిషి హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కూలిపని చేస్తూ పత్రికల్లో కనిపించారు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్ళిళ్ళకూ, స్థలానికీ అయిపోయిందనీ, నెలనెలా వచ్చే 10 వేల గౌరవ వేతనం ఆగిపోయిందనీ విలేకరులతో చెప్పారు. ఆ తర్వాత అదే ఏడాది హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం కాగితాలు ప్రభుత్వం ఇచ్చింది.

"కోటి రూపాయలు ఏం చేసుకున్నాడట?" అని మూతి విరిచినవాళ్ళను నేను చూశాను. ఆ మాట నాకు నచ్చలేదు. పెళ్ళిళ్ళు చేసి, ఇల్లు మొదలుపెట్టిన ఏ ఇల్లాలిని అడిగినా ఆ లెక్క చెబుతుంది. అయినా అడగాల్సింది అది కాదు. కోటి ఇచ్చింది ప్రభుత్వం, అంటే మనందరి డబ్బు. మరి పాటల మీద ఏళ్ళ తరబడి సంపాదించే వ్యాపారం మాటేమిటి? పల్లె కళాకారులకు మామూలుగా ముట్టేది ఒక్కసారి ఇచ్చే పారితోషికమే. పాట మోగినన్నాళ్ళూ కంపెనీకి నెలనెలా వస్తూనే ఉంటుంది.

ఇద్దరి పేర్లూ ఒకటే కావడంతో చాలామంది ఈయనను 'బలగం' మొగిలయ్య అనుకుంటారు. ఆయన వేరు. వరంగల్ జిల్లా దుగ్గొండి ఆయనది. 2023లో వచ్చిన ఆ సినిమా చివర్లో భార్య కొమురమ్మతో కలిసి పాడితే హాల్లో కళ్ళు తుడుచుకోని మనిషి లేరు. మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబర్ 19న చనిపోయారు. సాయం చేసినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళకు దండం పెట్టాలి. కానీ జబ్బు చేసినప్పుడు చేసే సాయం వేరు, కష్టానికి రావలసిన వాటా వేరు. మన దగ్గర మొదటిదానికి ఫోటోలు తీస్తారు, రెండోదాని ఊసెత్తరు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాకు 'సారంగ దరియా' పాట వచ్చింది. మంగ్లీ పాడింది, సుద్దాల అశోక్ తేజగారు రాశారు. ఆ పాటను మా అమ్మమ్మ దగ్గర నేర్చుకుని 'రేలారె రేలా' టీవీ కార్యక్రమంలో పాడాననీ, తనను అడగలేదనీ వరంగల్ గాయని కోమలి ముందుకొచ్చింది. అది జనం పాట, పల్లవి తీసుకుని చరణాలు కొత్తగా రాశానని అశోక్ తేజగారు అన్నారు. గొడవ ముదిరాక దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు పేరు, పారితోషికం ఇస్తామన్నారు. మంచిదే. కానీ ఆ పిల్ల నోరు విప్పింది కాబట్టి ఆ మాత్రమైనా దక్కింది. నోరు విప్పని అమ్మమ్మలు ఎందరో!

ఇదే పరిశ్రమ తన పాటల విషయానికొస్తే ఎంత పట్టుదలగా ఉంటుందో తెలుసా? 2017లో మన బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా నా పాటలు పాడొద్దని ఇళయరాజాగారి తరఫున నోటీసు వెళ్ళింది. ఎంత ప్రాణస్నేహితులు! తప్పని నేననను. చట్టం ఆయనకిచ్చిన హక్కు అది. 2012లో కాపీరైటు చట్టం సవరించినప్పుడు, రచయిత, సంగీత దర్శకుడు తమ రాయల్టీ వాటాను నిర్మాతకు రాసిచ్చేసే పని లేకుండా చేశారు. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా పోరాడారు. పాడేవాళ్ళకూ, వాయించేవాళ్ళకూ తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ హక్కుంది. సినిమాకు పాడినా సరే, దాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీ పొందే హక్కు కళాకారుడికి ఉందని ఆ సవరణే చెబుతోంది. కిన్నెర పట్టుకున్న మనిషి కూడా చట్టం దృష్టిలో కళాకారుడే. ఆ మాట ఆయనకు చెప్పేవాళ్ళేరీ?

పేరు నిలబడితే తేడా ఎంతుంటుందో మన జిల్లాలోనే ఉంది. తెలకపల్లి మండలం గౌరారం గోరటి వెంకన్నగారి 'పల్లె కన్నీరు పెడుతుందో' పాటను ఎప్పటిదో పాత పాట అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అయినా అది ఆయనదని లోకానికి తెలుసు. 2021కి సాహిత్య అకాడమీ అవార్డు కూడా ('వల్లంకి తాళం' పుస్తకానికి) అందుకున్నారు. పేరు లేని పాటకు అట్లా ఎవరు ఇస్తారు?

మా వనపర్తి వైపు నాట్లప్పుడు, బతుకమ్మ ముందు చానెళ్ళ పిలగాళ్ళు ఫోన్లు పట్టుకుని పొలాల్లోకి వస్తారు. "అమ్మా, ఒక్క పాట" అంటారు. మనవాళ్ళు మురిసిపోయి నాలుగు పాడతారు, ఆ పిలగాళ్ళు కూల్‌డ్రింకులు పంచి వెళ్తారు. పాడొద్దని నేననను. పాడే ముందు రెండు మాటలు అడగండి. పాట కింద మా పేరు, ఊరి పేరు వేస్తారా? దీన్ని ఇంకెవరికైనా అమ్మితే మాకేమిస్తారు? ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు, పాలవాడి లెక్క రాసుకోమా!

ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇంకో పని ఉంది. పిల్లల ఫోన్‌లో వాళ్ళ పాటలు పట్టించండి. పాటకు ముందు ఆమె నోటితోనే తన పేరు, ఊరు, తేదీ, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పించండి. ఒక నోటుబుక్కులో కూడా రాయండి. రేపు ఎవరైనా "ఇది మేం కట్టిన రాగం" అంటే చూపించడానికి అది పనికొస్తుంది.

మీరే పాడి యూట్యూబులో పెట్టినప్పుడు, ఏదో కంపెనీది అని చీటీ వస్తే భయపడి పాట తీసేయకండి. రాగాలు పోల్చి చూసే యంత్రం పంపే చీటీ అది. పాత జానపదాన్ని మీ గొంతుతో పాడి, వెనక ఎవరి సంగీతమూ వాడకపోతే అభ్యంతరం తెలిపే వీలు అక్కడే ఉంటుంది, పిల్లలతో నొక్కించండి. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఆ చీటీ దానంతటదే పోతుంది.