పూర్ణహృదయముతో దేవుని వెదకుట: ఆసా రాజు చరిత్ర నేర్పే పాఠము

పూర్ణహృదయముతో ఆరాధించాలనే పిలుపు మన సంఘాలలో ప్రతి ఆదివారము వినబడుతుంది. అయితే పూర్ణహృదయము అంటే ఏమిటి? స్వరమెత్తి పాడడమని కొందరు, కన్నీటితో ప్రార్థించడమని కొందరు అనుకుంటారు. మరికొందరు ఎన్ని గంటలు మందిరములో గడిపామని లెక్క చూస్తారు.

మేము సేవ చేస్తున్న జహనుమాలో ఇది కేవలము సిద్ధాంత సంబంధమైన ప్రశ్న కాదు. పాతబస్తీలో అనేక దుకాణాలకు శుక్రవారము సెలవు, ఆదివారము పనిదినము. యజమాని దగ్గర ఒక గంట అనుమతి తీసుకొని వచ్చి, ప్రభుబల్ల ముగియగానే పనికి పరుగెత్తే విశ్వాసిది సగము హృదయమా? మధ్యాహ్నము వరకు కూర్చున్నవారిది పూర్ణహృదయమా? దీనికి జవాబును 2 దినవృత్తాంతములు 14–16 అధ్యాయాలలో ఆసా రాజు చరిత్ర నుండి పరిశీలిద్దాము.

వెదకుట: రెండు హెబ్రీ క్రియలు

ఆసా ఏలుబడిలో 15వ సంవత్సరము మూడవ నెలలో యూదా ప్రజలు యెరూషలేములో కూడి, 700 ఎద్దులను 7,000 గొఱ్ఱెలను బలిగా అర్పించి, దేవునితో నిబంధన చేసుకొన్నారు (15:10–12). ఈ సందర్భములో గ్రంథకర్త వెదకుటకు రెండు క్రియలు వాడాడు. మొదటిది ‘దారష్’. ఒకరి యొద్దకు వెళ్లి విచారించడము, ఆశ్రయించి అడగడము దీని భావము. రెండవది ‘బిక్కేష్’. కావలసినదాని కొరకు ఆశతో వెదకడము దీనిలో ఉంది. 12వ వచనములో మొదటి క్రియతో, 15వ వచనములో రెండవ క్రియతో ‘పూర్ణహృదయము’ అనే మాట దగ్గరగా కనబడుతుంది.

కాబట్టి దేవుని వెదకడము తప్పిపోయిన వస్తువును వెదకడము వంటిది కాదు. దేవుడు ఎక్కడున్నాడో తెలియక వెదకము. నిర్ణయము తీసుకొనేటప్పుడు ఎవరి యొద్దకు వెళ్తాము, ఎవరి మాట కొరకు ఆగుతాము అనేదే వెదకుట.

‘షాలేమ్’ అయిన హృదయము

ఆసా హృదయమును వర్ణించడానికి 15:17లో వాడిన మాట ‘షాలేమ్’. సమాధానము అని మనము చెప్పుకొనే ‘షాలోమ్’ కూడా ఈ ధాతువు నుండి వచ్చినదే. పగుళ్లు లేనిది, విభజింపబడనిది అని దీని అర్థము. అదే వచనములో ఉన్నత స్థలములు తీసివేయబడలేదనే మాట కూడా ఉంది. అంటే పూర్ణహృదయము లోపము లేని జీవితము కాదు, ఇద్దరు దేవుళ్ల మధ్య పంచబడని హృదయము. అది భావోద్వేగమునకు కొలత కూడా కాదు. అమజ్యా యథార్థముగా ప్రవర్తించినా, అతని హృదయము షాలేముగా లేదని 25:2 చెప్పుతుంది. క్రియ సరియైనదే, హృదయము వేరొకచోట ఉంది.

తెచ్చిన వెండి, తీసిన వెండి

15:18లో ఆసా వెండి బంగారములను దేవుని మందిరములోనికి తెచ్చాడు. ఆ తరువాత 36వ సంవత్సరములో ఇశ్రాయేలు రాజైన బయెషా రామాను కట్టించి దారి మూసినప్పుడు, అదే ఆసా మందిరపు ఖజానాలోని వెండి బంగారములను తీసి సిరియా రాజైన బెన్హదదుకు పంపించాడు (16:1–2). పండుగనాడు అర్పించినది భయము వచ్చిన రోజున బయటికి పోయింది. ఈ రెండు సంఘటనల మధ్య 21 సంవత్సరాలున్నాయి. ఆ నిబంధన రోజు ఆరాధన అబద్ధము కాదు, కాని అది మరుసటి ఆపద వరకు నిలువలేదు.

దీర్ఘదర్శి హనానీ ఆసాను గద్దించినప్పుడు మళ్లీ ‘షాలేమ్’ అనే మాటనే వాడాడు (16:9). ఆసా వినలేదు సరికదా, ఆ దీర్ఘదర్శిని బందీగృహములో వేయించాడు. వెదకడము మానినవానికి వాక్యము చెప్పేవాడు శత్రువుగా కనబడతాడు. కాపరులమైన మనము ఇక్కడ ఆగి ఆలోచించాలి. సంఘములో ఎవరైనా మనలను ప్రేమతో సరిదిద్దినప్పుడు మనము ఏమి చేస్తున్నాము?

వైద్యుల విషయము

39వ సంవత్సరములో ఆసాకు పాదములలో జబ్బు పుట్టింది. అతడు యెహోవాను ‘దారష్’ చేయక వైద్యులను ఆశ్రయించాడు (16:12). ఈ వచనము చూపి మందులు మానుమని చెప్పేవారున్నారు. ఇది ప్రాణముతో చెలగాటము. సుగరు, క్షయ వంటి వ్యాధులకు మందులు మధ్యలో ఆపితే ఏమవుతుందో ఉస్మానియా ఆసుపత్రికి రోగులను పరామర్శించడానికి వెళ్లే ప్రతి సేవకునికి తెలుసు. ఆసా తప్పు వైద్యుని పిలవడము కాదు, దేవుని పిలవకపోవడము. హిజ్కియా కన్నీటితో ప్రార్థించాడు, అంజూరపు ముద్దను కూడా పుండుకు కట్టించుకొన్నాడు (యెషయా 38). లూకా వైద్యుడు, పౌలుకు ప్రియుడు (కొలొస్స 4:14). ప్రార్థించి మందు వేసుకొనే చేయి విభజింపబడిన చేయి కాదు.

తెలుగు సంఘములో సాక్ష్యము

పంజాబులో 1903లో సిక్కు కుటుంబములో జన్మించిన భక్త సింగ్ 1941లో మద్రాసులో యెహోవా షమ్మాను ఆరంభించారు. తరువాత మన నగరములోని హెబ్రోను ఆయన పరిచర్యకు కేంద్రమైంది. 2000లో ఇక్కడే ప్రభునందు నిద్రించారు. హెబ్రోనులో ఆదివారపు కూడిక గంటల తరబడి సాగేది. చాపలపై కూర్చున్న సామాన్య విశ్వాసులు ఒకరి తరువాత ఒకరు స్తుతి చెల్లించేవారు. తరువాత ప్రేమవిందు ఉండేది. మనలో అనేకులు ఆ నిడివిని అనుకరించారు. ఆ కూడికకు వేరు మాత్రము వారమంతా మోకాళ్లపై దేవుని చిత్తమును విచారించడములో ఉంది. ఎం. దేవదాసు అయ్యగారి ద్వారా 1938లో ఆరంభమైన బైబిలు మిషను కూడా సన్నిధిలో మౌనముగా కనిపెట్టడము నేర్పింది. పద్ధతులు వేరైనా, రెండు చోట్ల ఆరాధనకు ముందు వెదకుట ఉంది.

అన్వయము

మొదట, గంటలతో హృదయమును కొలువకుందాము. ఆదివారము రాలేనివారికి శుక్రవారమో, ఒక సాయంత్రమో కూడిక ఏర్పాటు చేయడము కాపరి బాధ్యత. శరీరములను సజీవయాగముగా సమర్పించుకొమ్మని పౌలు చెప్పిన ఆరాధన (రోమా 12:1) కుట్టుమిషను దగ్గర, ఆటో నడిపే సీటులో కూడా జరుగుతుంది.

రెండవది, అప్పు చేయకముందు, పెండ్లి సంబంధము ఖాయము చేయకముందు, కోర్టుకు ఎక్కకముందు దేవుని యొద్ద విచారించడము విశ్వాసులకు నేర్పుదాము. నిర్ణయము అయిపోయిన తరువాత ఆశీర్వాద ప్రార్థన కొరకు మాత్రమే మనలను పిలిచే అలవాటును మృదువుగా సరిచేయాలి.

మూడవది, ఆరాధన నడిపించేవాడు తానే ఆరాధించకపోవడము మన పనిలోని పెద్ద అపాయము. మైకు, సమయము, కానుకల లెక్క మన హృదయమును పంచుకొంటాయి. శనివారము రాత్రి ప్రసంగము సిద్ధపడిన తరువాత, ప్రసంగము కొరకు కాక దేవుని కొరకే కొంతసేపు కూర్చుందాము.

జహనుమా అనే పారసీక పేరుకు లోకమును చూపేది అని అర్థము. హనానీ చెప్పిన దేవుని కన్నులు లోకమంతట సంచరిస్తూ వెదకేది పెద్ద కూడికలను కాదు, విభజింపబడని హృదయములను. తండ్రి తనను ఆరాధించేవారిని వెదకుతున్నాడని ప్రభువు సమరయ స్త్రీతో చెప్పాడు (యోహాను 4:23). మన వెదకుటకు ముందే ఆయన వెదకుట ఉంది. అందుచేత ఒక గంట అనుమతితో పరుగున వచ్చిన విశ్వాసిని ఆలస్యము చేశావని చూడకుండా, దేవుడు వెదకి తెచ్చినవానిగా చేర్చుకొందాము.