జర్మనీలో ఇంగ్లీషు టీచరు ఎలా తయారవుతారు?

ఇంగ్లీషు గడగడా మాట్లాడగలిగితే చాలు, పాఠం కూడా చెప్పేయవచ్చని మనలో చాలామంది నమ్మకం. జర్మనీలో ఆ నమ్మకం చెల్లదు. అక్కడ హైస్కూల్లో ఇంగ్లీషో ఫ్రెంచో చెప్పాలంటే మూడేళ్ల డిగ్రీ, రెండేళ్ల మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, ఆపైన బడిలోనే ఉంటూ శిక్షణ. ఇదీ మామూలు దారి. చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది కాబట్టి ఆ చివరి దశ ఒకచోట ఏడాది, ఇంకోచోట రెండేళ్లు. ఏడాదిన్నర పెట్టిన రాష్ట్రాలే ఎక్కువ.

మాస్టర్స్‌లో సాహిత్యం, భాషాశాస్త్రం ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే పదకొండేళ్ల పిల్లకు కొత్త మాట ఎలా పరిచయం చేయాలి, నోరు విప్పని పిల్లాడి చేత ఎలా మాట్లాడించాలి అన్నవీ చదువులో భాగమే. నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో ఒక సెమిస్టర్ బడిలో గడపాలి. విదేశీ భాష తీసుకున్నవాళ్లు ఆ భాష మాట్లాడే దేశంలో కనీసం మూడు నెలలు ఉండి రావాలి.

అసలు పరీక్ష రెఫరెండరియాట్ అనే చివరి దశలో మొదలవుతుంది. ప్రభుత్వం నెలనెలా జీతమిస్తుంది. అభ్యర్థి కొన్ని తరగతులు స్వయంగా చెబుతూ, మరోవైపు శిక్షణ కేంద్రానికీ వెళుతుంటాడు. శిక్షకులు అప్పుడప్పుడూ వచ్చి వెనక కూర్చుని పాఠమంతా చూస్తారు. ఆ పాఠం ఎందుకు, ఎలా చెప్పబోతున్నాడో అతను ముందే రాసివ్వాలి.

ఉదాహరణకు, ఒక పిల్లవాడు లేచి ‘యెస్టర్‌డే ఐ హావ్ సీన్ ఎ ఫిల్మ్’ అన్నాడనుకుందాం. మాట్లాడే జర్మన్‌లో నిన్నటి సంగతిని ఇలాగే చెబుతారు, ఆ అలవాటే ఇంగ్లీషులోకి వచ్చేసింది. అక్కడికక్కడే ఆపి దిద్దితే పిల్లవాడు కూర్చుండిపోతాడు. ‘ఓ, యూ సా ఎ ఫిల్మ్! వాట్ వజ్ ఇట్ అబౌట్?’ అంటే సరైన రూపం చెవిన పడుతుంది, మాటా సాగుతుంది. కొలోన్ పిల్లాడి తప్పు వేరు, కరీంనగర్ పిల్లాడి తప్పు వేరు. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని టీచరు దాన్ని ఎర్రసిరాతో కొట్టేయడం తప్ప ఏమీ చేయలేడు. పాఠమయ్యాక శిక్షకులు కూర్చుని మాట్లాడేది ఇలాంటి క్షణాల గురించే: అక్కడ ఎందుకు ఆపావు, ఇక్కడ ఎందుకు వదిలేశావు, పిల్లలకు మాట్లాడే వీలెంత దొరికింది? నా దృష్టిలో మొత్తం శిక్షణలో విలువైన భాగం ఆ సంభాషణే.

లోపాలు లేవని కాదు. సలహా ఇచ్చేవాళ్లే మార్కులూ వేయడం వల్ల అభ్యర్థులు బెదిరిపోతారన్న ఫిర్యాదు పాతదే. టీచర్ల కొరతతో, ఈ దారిలో రానివాళ్లను కూడా ఇప్పుడు బడుల్లోకి తీసుకుంటున్నారు.

మనకూ పునాదులున్నాయి. 1958లో హైదరాబాద్‌లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్, అంటే నేటి ఇఫ్లూ, పుట్టిందే ఇంగ్లీషు టీచర్లను తీర్చిదిద్దడానికి. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది, అందులో 20 వారాలు బడికి సంబంధించిన పని ఉండాలని నిబంధన. ఆ వారాలు రికార్డులు రాయడంతో గడిచిపోకూడదు. బీఈడీ అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: మీ విద్యార్థి చెప్పే పాఠాన్ని మొదటి నుంచి చివరిదాకా చూడండి, చూశాక అరగంట కూర్చోబెట్టి మాట్లాడండి.