అనంతపురం కరవు సీమలో శబ్దజన్య వినికిడి లోపం: అవగాహన, నివారణ, నిర్వహణ

కీలక పదాలు: శబ్దజన్య వినికిడి లోపం, మరమగ్గాలు, పాలిష్ బండలు, కర్ణావర్తం, అనంతపురం.

ఉపోద్ఘాతం

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమిలో, వేరుశనగ చేతికి రాని ఏడు రైతు కుటుంబం వేరే పని వెదుకుకోవలసి వస్తుంది. తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ పట్టే మిషన్లు, ధర్మవరం మరమగ్గాలు, బోరుబావులు తవ్వే రిగ్గులు అటువంటి ఉపాధులలో కొన్ని. (2022 పునర్విభజనలో ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, ఈ వ్యాసానికి పాత ఉమ్మడి జిల్లాయే పరిధి.) ఈ పనులన్నిటా ఉమ్మడిగా ఉన్నది శబ్దం. తొలి వారం భరించరానిదిగా తోచిన హోరు కొన్నేళ్ళకు అలవాటైపోయిందని పనివారు చెప్పడం కద్దు. మనసు హోరుకు అలవాటు పడవచ్చు, చెవి పడదు. అలవాటుగా కనిపించేది చాలాసార్లు వినికిడి తగ్గుదలే.

ఈ సీమలో బధిరత్వం గురించిన కృషి ముఖ్యంగా పిల్లలను ఉద్దేశించి సాగింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వినికిడి లోపమున్న పిల్లలకు ప్రత్యేక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. పని చేస్తూ వినికిడిని పోగొట్టుకొనే పెద్దల సంగతి అంతగా చర్చకు రాలేదు.

లోపలి చెవిలో జరిగేది

నత్తగుల్ల ఆకారంలో ఉండే కర్ణావర్తంలో సుమారు 3,500 లోపలి రోమకణాలు, 12,000 వెలుపలి రోమకణాలు ఉంటాయి. తీవ్రమైన శబ్దానికి ముందుగా దెబ్బతినేవి వెలుపలి కణాలు. షిఫ్టు ముగిశాక చెవులు దిబ్బడ వేసినట్లుండి, గింగురుమని, మరునాటికి సర్దుకోవడం వాటి అలసటకు గుర్తు. ఆ అలసట నిత్యమైతే కణాలు నశిస్తాయి. మానవునిలో అవి తిరిగి పుట్టవు. అందువల్ల ఈ లోపాన్ని నివారించవచ్చునే గాని నయం చేయలేము.

నష్టం మొదట 4,000 హెర్ట్జ్‌ల పరిసరాలలో కనబడుతుంది. చెవి నాళం 3,000 హెర్ట్జ్‌ల దగ్గరి ధ్వనులను సహజంగానే పెంచి లోనికి పంపడం ఇందుకు ఒక కారణం. దీని ఫలితం తెలుగు మాటలో ఎలా ఉంటుందో గమనించదగినది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. అచ్చులు బిగ్గరగా, తక్కువ పౌనఃపున్యంలో పలుకుతాయి కనుక అవి వినిపిస్తూనే ఉంటాయి. పాలు, కాలు, చాలు, సాలు అనే మాటలను వేరు చేసేది తొలి హల్లు. దాని శక్తి స్వల్పం, అందులో ఎక్కువ భాగం హెచ్చు పౌనఃపున్యాలలో ఉంటుంది. అందుచేత బాధితుడు "వినబడుతోంది, కానీ అర్థం కావడం లేదు" అంటాడు, ఇంటివారు పరధ్యానమనుకొంటారు. చెవిటివాని ముందు శంఖమూదినట్లన్న సామెత ఇతని విషయంలో పొసగదు. శంఖం ఇతనికి బాగానే వినబడుతుంది, వినబడనిది మనుమరాలి గుసగుస.

కొలత, చట్టం

డెసిబెల్ మానం సంవర్గమానం మీద ఆధారపడినది. 3 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ఎనిమిది గంటలకు 85 డెసిబెళ్ళు. ఆ లెక్కన 88కి నాలుగు గంటలు, 91కి రెండు గంటలే. మన దేశపు ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటలకు 90 వరకు అనుమతించాయి. మరమగ్గాల షెడ్లలో ఆ హద్దు దాటడం సాధారణం. బండ కోసేటప్పుడు పోసే నీరు దుమ్మును అణచుతుంది గాని శబ్దాన్ని అణచదు.

శబ్దజన్య వినికిడి లోపం 1948 ఫ్యాక్టరీల చట్టపు మూడవ షెడ్యూలులోను, 1923 నాటి పరిహార చట్టపు వృత్తి వ్యాధుల జాబితాలోను ఉండేది. అయితే కొద్దిమందితో నడిచే షెడ్లు చాలావరకు ఫ్యాక్టరీ నిర్వచనంలోకి రావు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సంభాషణకు ముఖ్యమైన పౌనఃపున్యాలలో, రెండు చెవులలో 60 డెసిబెళ్ళకు పైబడిన నష్టాన్ని లెక్కిస్తుంది. 4,000 హెర్ట్జ్‌ల వద్ద మాత్రమే లోతుగా పడిన గుంట సగటులో కలిసిపోతుంది. చట్టం గుర్తించే నాటికి నివారణ కాలం గడచిపోయి ఉంటుంది. నా దృష్టిలో ఇదే అసలు లోపం.

నివారణ, నిర్వహణ

చెవిలో దూది పెట్టుకోవడం రక్షణ అనుకోవడం పొరపాటు; మామూలు దూది ఆపే శబ్దం చాలా తక్కువ. నురుగు బిళ్ళను సన్నగా నలిపి, చెవిని పైకి వెనక్కి లాగి, లోనికి చొప్పించి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. సగం దూరిన బిళ్ళ దాదాపు లేనట్లే. మిషన్ బేరింగులు, బిగింపులు సరిచూడటం, మోటారును వేరు గోడ వెనుక ఉంచడం, వంతులవారీగా పని మార్చడం బిళ్ళకంటే ముందు చేయవలసినవి. అవి యజమాని ఖర్చుతో కూడినవి కనుకనే వెనుకబడుతున్నాయి.

వినికిడి పరీక్షను పనిలో చేరినప్పుడే చేసి, ఏటా దానితో పోల్చాలి. షిఫ్టు దిగిన వెంటనే చేస్తే తాత్కాలికపు అలసట కూడా లెక్కలోకి వస్తుంది. సెలవు మరునాటి ఉదయం, పనికి పోకముందు చేయడం మేలు. నష్టం స్థిరపడినవారికి వినికిడి యంత్రం తోడ్పడుతుంది, అయితే దానిని షెడ్డులో పెట్టుకోరాదు. మిషన్ హోరును కూడా అది పెంచుతుంది. ఈ సీమ ఎండల్లో చెమట, దుమ్ము యంత్రానికి శత్రువులు. రాత్రివేళ బ్యాటరీ తీసి, సిలికా జెల్ పొట్లం వేసిన మూత డబ్బాలో ఉంచాలి. ఇంటివారు గట్టిగా అరవనక్కరలేదు. అరుపు అచ్చులను పెంచుతుందే గాని హల్లులను అంతగా పెంచదు. ఎదురుగా, వెలుతురులో నిలబడి నిదానంగా పలికితే పెదవుల కదలిక పాలును కాలునుండి వేరు చేస్తుంది.