ఉప్పు నీటిలో ఏమగును?

ఒక గాజుగ్లాసులో స్వేదనజలము పోసి, రెండు పెన్సిలు ములుకులను ఒకదానికొకటి తగులకుండ అందులో నిలుపుడు. నాలుగు టార్చి బ్యాటరీలను, ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపమును తీగలతో వానికి వరుసగా కలుపుడు. దీపము వెలుగదు. ఆ నీటిలో పంచదార కరగించినను వెలుగదు. కాని వేరొక గ్లాసెడు స్వేదనజలములో రెండు చెంచాల ఉప్పు కలిపి చూచినచో దీపము వెలుగును. (ఇంటి కరెంటుతో మాత్రము ఈ ప్రయోగము ఎన్నడును చేయరాదు.)

పంచదారకు లేక ఉప్పునకు మాత్రమే గల విశేషమేమి? ద్రావణములో విద్యుత్తు ప్రవహింపవలెనన్న, దానిని మోయు ఆవేశకణములుండవలెను. పంచదార నీటిలో ఆవేశములేని అణువులుగానే విడిపోవును. ఉప్పు ధనావేశముగల సోడియము అయానులుగను, ఋణావేశముగల క్లోరైడు అయానులుగను విడిపోవును. విద్యుత్తును మోయునవి ఇవియే.

ఈ భావమునకు నాంది పలికినవాడు స్వీడను దేశీయుడగు స్వాంటె అర్హీనియస్. 1884లో తన 25వ యేట ఉప్సాలా విశ్వవిద్యాలయమునకు ఆయన సమర్పించిన సిద్ధాంతవ్యాసమునకు తక్కువ శ్రేణియే లభించెను. 1887లో తన వాదమును మరింత స్పష్టముగా ప్రకటించినను పలువురు రసాయనవేత్తలు నమ్మలేదు. సోడియము నీటిని తాకినంతనే తీవ్రమైన చర్య జరుగునే, క్లోరిను విషవాయువే, ఈ రెండును ఉప్పునీటిలో విడివిడిగా ఎట్లుండునని వారి ఆక్షేపణ.

దీనికి సమాధానమిది: పరమాణువు వేరు, అయాను వేరు. సోడియము పరమాణువు ఒక ఎలక్ట్రానును కోల్పోయి, క్లోరిను పరమాణువు ఒకదానిని గ్రహించి అయానులగును. దానితో వాని గుణములును మారిపోవును. అందుచేతనే ఉప్పునీరు మనలను చంపదు. 1903లో అర్హీనియస్‌కు నోబెల్ బహుమతి లభించెను.

అయితే ఉప్పు అణువులు నీటిలో చీలి అయానులగునని ఆయన తలచెను. 1913లో బ్రాగ్ తండ్రికొడుకులు ఎక్స్‌ కిరణములతో స్ఫటికములను పరిశీలించినప్పుడు, ఉప్పులో విడి అణువులే లేవని తేలెను. ఒక్కొక్క సోడియము అయాను చుట్టును ఆరు క్లోరైడులు, ఒక్కొక్క క్లోరైడు చుట్టును ఆరు సోడియములు అమరియున్నవి. కనుక నీరు అయానులను పుట్టింపదు, ఉన్నవానిని విడదీయును.

ఉప్పును కరిగించుటకు అగ్నికి 801 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. చల్లని నీరు ఆ పని ఎట్లు చేయుచున్నది? నీటి అణువులో ఆక్సిజను వైపు కొంత ఋణావేశమును, హైడ్రోజనుల వైపు కొంత ధనావేశమును ఉండును. ఆక్సిజను కొనలు సోడియమును, హైడ్రోజను కొనలు క్లోరైడును చుట్టుముట్టి ఒక్కొక్క అయానును స్ఫటికమునుండి లాగికొనును. నీటిలో అయానుల పరస్పరాకర్షణ శూన్యములో ఉండుదానిలో సుమారు 80వ వంతు మాత్రమే. కావున విడిపోయినవి సులభముగా మరల కూడవు. స్ఫటికములోని బంధమే బలీయమైనచోట నీటి బలము చాలదు. సిల్వరు క్లోరైడు లీటరు నీటిలో సుమారు 2 మిల్లీగ్రాములకు మించి కరగదు.

మన బావినీటిలోను, చెమటలోను లవణముల అయానులు ఎల్లప్పుడును ఉండును. కనుక తడిసిన చర్మము విద్యుత్తునకు సులభముగా దారి యిచ్చును. తడిచేతితో స్విచ్చి ముట్టరాదని ఇంటిలో పెద్దలు హెచ్చరించునప్పుడు, కంటికి కానరాని ఈ అయానులను జ్ఞప్తియందుంచుకొనుడు.