మట్టికి తిరిగి ఇద్దాం: గోవర్ధన్ ఎకో విలేజ్ నేర్పే పాఠం

కేంద్రీయ విద్యాలయాల్లో చదువుకుంటున్న మనలో చాలామందికి సొంత పొలం ఉండదు. అమ్మకో నాన్నకో బదిలీ కాగానే సామాను సర్దుకొని కొత్త ఊరు, కొత్త క్వార్టర్‌కు వెళ్తాం. అందుకే సేంద్రియ వ్యవసాయం గురించి పాఠం వస్తే అది మనకు సంబంధం లేని విషయంలా తోస్తుంది. కానీ మనం తినే అన్నం, వాడే నీళ్లు, పారేసే చెత్త ప్రతి ఊళ్లోనూ మనతోనే ఉంటాయి. వాటిని ఎలా చూసుకోవాలో చేసి చూపిస్తున్న ఒక చోటు గురించి తెలుసుకుందాం.

మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా వాడా తాలూకాలో, ముంబయికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో గోవర్ధన్ ఎకో విలేజ్ ఉంది. సహ్యాద్రి కొండల పాదాల దగ్గర, రాళ్లు నిండిన బీడు నేలలో ఇస్కాన్ భక్తులు 2003లో దీన్ని మొదలుపెట్టారు. ఆ పేరు వెనుక ఒక కథ ఉంది. భాగవతంలో చిన్ని కృష్ణుడు గోపాలకులతో ఇంద్రుడికి చేసే యాగం మాన్పించి, గోవర్ధనగిరిని పూజించమంటాడు. పశువులకు గడ్డినీ, మనుషులకు నీళ్లనూ ఇచ్చే కొండే మనకు అన్నం పెడుతోందని దాని భావం. మన పోతన భాగవతం దశమ స్కంధంలోనూ ఈ కథ వస్తుంది. ఆ కథనే అక్కడ పనిలో పెట్టారు.

నీరు: ఒక చుక్కకు రెండు పనులు

ఆ ప్రాంతంలో వానాకాలంలో కుండపోతగా వాన పడుతుంది. కానీ ఏటవాలు రాతినేల మీద పడిన నీరు నిలవదు, ఎండాకాలానికి కరువే. అందుకని వాననీటిని చెరువుల్లో పట్టి నిలవ చేసుకుంటారు. వాడేసిన మురుగునీటిని కూడా వదిలిపెట్టరు. బొంబాయి ఐఐటీలో రూపొందిన 'సాయిల్ బయోటెక్నాలజీ' పద్ధతిలో దాన్ని శుభ్రం చేస్తారు. ఇందులో రాళ్లు, ఖనిజాలు కలిపిన ప్రత్యేకమైన మట్టి, పైన మొక్కలు పొరలు పొరలుగా ఉంటాయి. మురుగునీటిని పైనుంచి చల్లితే అది మెల్లగా కిందికి దిగుతుంది. దారిలో మట్టిలోని సూక్ష్మజీవులు, వానపాములు మురికిని ఆహారంగా తీసుకుంటాయి. గాలి బాగా ఆడుతుంది కనుక దుర్వాసన రాదు. కిందికి వచ్చిన నీరు తోటలకు పోతుంది. అంటే స్నానాల గదిలో ఒకసారి పని చేసిన నీరు, మొక్క దగ్గర రెండోసారి పని చేస్తుందన్నమాట.

పేడ: వంటింటికీ పొలానికీ

గోశాలలోని పేడను నీళ్లతో కలిపి గాలి చొరబడని గోబర్ గ్యాస్ ప్లాంటులో వేస్తారు. అక్కడ సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెట్టి మీథేన్ ఎక్కువగా ఉన్న వాయువును తయారుచేస్తాయి. అది వంటచెరకు బదులు పొయ్యికి పనికొస్తుంది. మిగిలిన చిక్కటి ద్రవం పోషకాలు పోగొట్టుకోదు, మంచి ఎరువవుతుంది. పొలం గడ్డి ఆవుకు, ఆవు పేడ పొయ్యికి, పొయ్యి మిగిల్చింది మళ్లీ పొలానికి. ఈ చక్రంలో 'చెత్త' అనే మాటకు చోటే లేదు.

ఇళ్ల విషయంలోనూ ఇదే ఆలోచన. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో గట్టిగా నొక్కి ఇటుకలు చేస్తారు. వీటిని బట్టీలో కాల్చరు కాబట్టి బొగ్గు, కట్టెలు ఆదా అవుతాయి, పొగ ఉండదు.

మట్టి ఎందుకంత విలువైనది?

ఒక అంగుళం పైమట్టి ఏర్పడటానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. రసాయన ఎరువు మొక్కకు తిండి పెడుతుంది, సేంద్రియ ఎరువు మట్టికి తిండి పెడుతుంది. మట్టిలోని జీవులు బతికితే నేల గుల్లబారి నీటిని పట్టి ఉంచుతుంది.

మహారాష్ట్రకే చెందిన సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన జీవామృతం ఈ సూత్రం మీదే ఆధారపడింది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపి 48 గంటలు నీడలో ఉంచుతారు. బెల్లం, పిండి తిని సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అది ఎకరానికి సరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ఈ పద్ధతిని ఊరూరా నేర్పిస్తున్నారు.

తొందరపడితే?

సేంద్రియ సాగుకు ఓపిక కావాలి. అలసిపోయిన నేల కోలుకునేదాకా మొదటి ఏళ్లలో దిగుబడి తగ్గవచ్చు. సిక్కిం రాష్ట్రం 2003లో ఈ దారి పట్టి, మెల్లమెల్లగా నడిచి, 2016 జనవరిలో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. పొరుగున ఉన్న శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకు తగినంత సేంద్రియ ఎరువు అందలేదు. అదే ఏడు నవంబరులో నిషేధాన్ని వెనక్కి తీసుకున్నా, వరి దిగుబడి బాగా పడిపోయింది. దారి ఎంత మంచిదైనా నేలకూ రైతుకూ సమయం ఇవ్వాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన క్వార్టర్‌లో మనం

మనకు గోశాల లేకపోవచ్చు, బాల్కనీ మాత్రమే ఉండవచ్చు. అయినా ఒక పాత బకెట్ చాలు. అడుగున, పక్కల చిల్లులు పెట్టి, ఎండుటాకుల పొర వేయాలి. దాని మీద కూరగాయల తొక్కలు, వాడిన టీ పొడి వేసి, మళ్లీ ఎండుటాకులు కప్పాలి. వండిన అన్నం, నూనె పదార్థాలు వేయకూడదు. పిండిన గుడ్డలా తడి ఉంటే చాలు. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం, ఇంకొన్ని ఎండుటాకులు కలపాలి. వారానికోసారి కలియబెడితే రెండు మూడు నెలల్లో నల్లటి, మట్టివాసన వేసే ఎరువు సిద్ధమవుతుంది. అందులో తోటకూర, మెంతికూర చల్లితే నెల తిరక్కుండానే కూరకు వస్తాయి.

"మూడేళ్లలో వెళ్లిపోయేవాళ్లం, మనకెందుకు?" అని అనిపించడం సహజమే. కానీ మనం కొత్త క్వార్టర్‌లో దిగిన రోజు పెరట్లో కరివేపాకు చెట్టో మునగ చెట్టో కనిపిస్తే ఎంత సంతోషిస్తాం! దాన్ని నాటినవాళ్లు కూడా బదిలీ మీద వెళ్లిపోయినవాళ్లే. మనం ఏ దేవుణ్ణి కొలిచినా, ఏ భాష మాట్లాడినా వానపాము అందరి మట్టిలోనూ ఒకేలా పనిచేస్తుంది. ఈసారి క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు తాళంచెవులతో పాటు, మనకు దొరికినదానికంటే మంచి మట్టిని తర్వాతి కుటుంబానికి అప్పగిద్దాం.